బిడ్డకు వినిపిస్తోందా? ఇంట్లోనే చూసుకునే పద్ధతి

నేను నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలో సముద్రం ఒడ్డు పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌ని. రెండేళ్లొచ్చినా మాటలు రాని బిడ్డ గురించి అడిగితే ఇళ్లలో నాకు దొరికే జవాబు ఒకటే: "వాళ్ల నాయనకీ మూడేళ్లకే వచ్చాయి టీచరమ్మా, వస పోస్తున్నాం గదా." వినపడని బిడ్డకు మాట ఎక్కణ్ణుంచి వస్తుంది? ముందు చెవి సంగతి తేల్చుకోవాలి.

"పళ్లెం కిందపడితే ఉలిక్కిపడతాడు, చెవులు బాగానే ఉన్నాయి" అని నమ్మకండి. బాగా వినికిడి తగ్గిన బిడ్డకు కూడా పెద్ద చప్పుడు అందుతుంది. నేల అదురు కాళ్లకు తెలుస్తుంది, మీ నీడ కదిలితే కళ్లకు తెలుస్తుంది. ఇలాంటి పిల్లలు చూపుతోనే నెట్టుకొస్తారు, అందుకే ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు.

ఏడెనిమిది నెలలు నిండి, మెడ నిలిచి, ఆనుకుని కూర్చోగల బిడ్డకు ఇలా చేయండి. ఫ్యాను, టీవీ ఆపేయండి. మా ఊళ్లో అయితే సముద్రం హోరుకు తలుపులు కూడా మూయాలి. బిడ్డను తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, ఎదురుగా ఒకరు చిన్న బొమ్మ ఆడించాలి. బిడ్డ చూపు నిలవగానే బొమ్మను కదలకుండా పట్టుకోవాలి. అప్పుడు మీరు వెనక, ఓ పక్కగా, రెండు మూరల దూరంలో, బిడ్డ చెవి ఎత్తులో ఉండి మెల్లగా "ఊ... ఊ" అనండి. కాసేపాగి "స్... స్" అనండి. గాజులు తీసేయండి, తల్లో పూలు వద్దు, వాసనకే తిరిగిపోతారు. తల్లి మీ వైపు చూడకూడదు. రెండో చెవికీ ఇలాగే. మూడుసార్లకు రెండుసార్లయినా తిరగాలి. "ఊ"కి తిరిగి "స్"కి తిరగకపోతే అది చిన్న విషయం కాదు. సన్నని శబ్దాలు అందని పిల్లలు పిలిస్తే పలుకుతారు గానీ మాటల్లో సగం అక్షరాలు వాళ్లకు చేరవు.

మూడేళ్ల పిల్లలకైతే నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని, చెయ్యి చాపకుండా, వస్తువు వైపు చూడకుండా "బంతి తే నాయనా" అనండి.

ఏడాది దాటాక పేరు పిలిస్తే చూడకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్లకు "అమ్మా రా", "పాలు కావాలి" లాంటి జంట మాటలు రాకపోయినా ఆగకండి. వచ్చిన మాటలు పోతే ఆ వారమే తీసుకెళ్లండి. బిస్కెట్ ప్యాకెట్ చప్పుడుకు పరిగెత్తుకొచ్చి, పేరు పిలిస్తే మాత్రం తిరగని బిడ్డకు చెవి పరీక్షతో పాటు మానసిక ఎదుగుదల పరీక్ష కూడా కావాలి.

కిలోన్నర లోపు బరువుతో పుట్టినా, అద్దాల పెట్టెలో రోజుల తరబడి ఉన్నా, కామెర్లు ముదిరి రక్తం మార్చినా, ఇంట్లో పుట్టుచెవుడు ఉన్నా, మేనరికమైనా ఇంటి పరీక్షకు ఆగొద్దు. నెలలోపు మొదటి పరీక్ష, 3 నెలలకల్లా నిర్ధారణ, లోపం తేలితే 6 నెలలకల్లా వినికిడి మెషీన్, మాటలు నేర్పే థెరపీ మొదలవ్వాలి. పసిబిడ్డకు మెషీనేంటి అంటారు. మాట నేర్చే మెదడుకు ఆ వయసే కావాలి.

చెవి కారుతుంటే నూనె పోయకండి, పిన్నీసు పెట్టకండి. జలుబు తర్వాత చెవిలో నీరు చేరి కొన్నాళ్లు మందంగా వినపడటం మామూలే, అయినా డాక్టర్ చూడాల్సిందే.

అంగన్‌వాడీలకు ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం) డాక్టర్ల బృందం వచ్చినప్పుడు బిడ్డను తప్పకుండా చూపించండి. లేదంటే నేరుగా నెల్లూరు పెద్దాసుపత్రి ఈఎన్‌టీకి వెళ్లండి. శబ్దానికి లోపలి చెవి స్పందిస్తోందా అని చూసే ఓఏఈ పరీక్షలో చెవిలో చిన్న గొట్టం పెడతారు, నిమిషాల్లో అయిపోతుంది. శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందా అని చూసే బెరా పరీక్షకు తలమీద వైర్లు అంటిస్తారు. రెండిటికీ నొప్పి ఉండదు, కానీ బెరాకు బిడ్డ నిద్రపోవాలి. ఆ రోజు పెందలాడే లేపండి, బస్సులో మాత్రం నిద్రపోనివ్వకండి. అక్కడికి వెళ్లాకే పాలిచ్చి పడుకోబెట్టండి.

"ఇంకో ఆరు నెలలు చూద్దాం" అని ఎవరైనా పంపించేస్తే లేచి రాకండి. "వినికిడి పరీక్ష రాసివ్వండి సార్" అని అడిగి, చీటీ చేతికొచ్చాకే బయటికి రండి.