స్టార్ ప్లేయర్‌ని ఉంచుకోవడం టీమ్‌కి నిజంగా భారమేనా? లెక్క ఎలా వేయాలి?

"జీతాల పరిమితి దాటిపోతోంది, ఇతన్ని ఉంచుకోలేం." బేస్‌బాల్‌లో ఏదో ఒక టీమ్ నుంచి ఏటా వినిపించే మాటే ఇది. నమ్మే ముందు పెన్నూ కాగితం పట్టుకుని పది నిమిషాలు కూర్చోండి, అందులో నిజమెంతో తేలిపోతుంది. ఉదాహరణకి 2020 ఫిబ్రవరిలో బోస్టన్ రెడ్ సాక్స్ తన స్టార్ మూకీ బెట్స్‌ని లాస్ ఏంజెలస్ డాడ్జర్స్‌కి ఇచ్చేసిన ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) తీసుకుందాం. 2018లో బోస్టన్ వరల్డ్ సిరీస్, అంటే సీజన్ ఫైనల్, గెలిచింది. ఆ ఏడాది అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో ఒకటి) ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడు, బెట్సే. రెండేళ్లు తిరక్కుండానే పంపేశారు.

ముందు ఐపీఎల్ పర్సుని మర్చిపోండి. 2025 సీజన్‌కి పర్సు 120 కోట్ల రూపాయలు. సన్‌రైజర్స్ ఐదుగురిని ఉంచుకోవడానికే 75 కోట్లు పెట్టేసి, మిగిలిన 45 కోట్లతో వేలానికి వెళ్లింది. ఆపైన పైసా లేదు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అలాంటి గోడ ఉండదు, ఒక గీత ఉంటుంది. దాటితే లగ్జరీ ట్యాక్స్ కట్టాలి. కాబట్టి మొదటి పని, ఆ ఏడాది గీత ఎక్కడుందో చూడటం. 2020లో అది 20.8 కోట్ల డాలర్లు, 2025లో 24.1 కోట్లు.

రెండోది టీమ్ జీతాలు కూడటం. చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. ఆ ఏడాది చేతికిచ్చిన డబ్బు కాదు, కాంట్రాక్టు మొత్తాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటే లెక్కలోకి వస్తుంది. బోస్టన్ పిచర్ (బంతి విసిరే ఆటగాడు) డేవిడ్ ప్రైస్‌ది 7 ఏళ్లకి 21.7 కోట్ల డాలర్లు. 2020లో అతని జీతం 3.2 కోట్లయినా, లెక్కలో పడేది 3.1 కోట్లే. బెట్స్‌ది ఒక్క ఏడాది కాంట్రాక్టు, 2.7 కోట్లు, అది అలాగే వేసుకోండి. డబ్బు వాయిదా వేసి ఇచ్చే కాంట్రాక్టులు వేరే కథ. డాడ్జర్స్ స్టార్ షోహే ఒటానీకి పదేళ్లకి 70 కోట్లు అన్నారు గానీ, 68 కోట్లు తర్వాతెప్పుడో ఇస్తారు కాబట్టి లెక్కలో ఏడాదికి సుమారు 4.6 కోట్లే!

ఇప్పుడు ట్యాక్స్ కట్టండి. మొదటిసారి దాటితే పైన ఉన్న మొత్తంలో 20 శాతం, వరసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. ఒక్క ఏడాది గీత కిందకి దిగితే మళ్లీ 20 నుంచి మొదలు. బోస్టన్ 2018లోనూ 2019లోనూ కట్టింది, కాబట్టి 2020లో దాటితే 50 శాతమే. బెట్స్, ప్రైస్ ఇద్దరినీ ఉంచుకుని 2020లో 22.8 కోట్లకి చేరిందనుకుందాం. పైన ఉన్నది 2 కోట్లు, ట్యాక్స్ కోటి డాలర్లు. అంతకు మించి వెళ్తే అదనపు వడ్డింపు ఉంది. గీత కంటే 4 కోట్లు పైకి వెళ్తే డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) మొదటి ఎంపిక పది స్థానాలు కిందకి జారుతుంది. 2018లో బోస్టన్‌కి అదే జరిగింది. అయినా ఎంవీపీ ముందు కోటి డాలర్లు పెద్ద మొత్తమా? నాకైతే అనిపించదు.

అలాగని ఓనర్ల వైపు న్యాయమే లేదని కాదు. కాంట్రాక్టులో ఇంకెన్నేళ్లున్నాయో కూడా చూడాలి. బెట్స్‌కి మిగిలింది ఒక్క సీజనే, తర్వాత ఫ్రీ ఏజెంట్, అంటే నచ్చిన టీమ్‌తో చేరిపోవచ్చు. ట్యాక్స్ కట్టే టీమ్ నుంచి అలాంటి ఆటగాడు వెళ్లిపోతే బదులుగా దక్కేది నాలుగో రౌండ్ తర్వాత వచ్చే ఒక డ్రాఫ్ట్ ఎంపిక. దాదాపు ఏమీ లేనట్టే.

చివరిగా, ట్రేడ్‌లో స్టార్‌తో పాటు ఇంకెవరు వెళ్లారో చూడండి. అసలు ఉద్దేశం అక్కడే బయటపడుతుంది. బెట్స్‌తో పాటు ప్రైస్‌నీ పంపారు. అతనికి ఇంకా రావాల్సిన 9.6 కోట్లలో సగం బోస్టనే భరించింది. అయినా ఆ ఏడాది లెక్కలోంచి 4 కోట్లకు పైగా తగ్గాయి, టీమ్ గీత కిందకి దిగింది.

డాడ్జర్స్ ఆ జులైలోనే బెట్స్‌తో 12 ఏళ్లకి 36.5 కోట్ల కాంట్రాక్టు కుదుర్చుకుంది. అందులో 11.5 కోట్లు వాయిదా మీద. అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ సీజన్‌లో బోస్టన్ తన డివిజన్‌లో ఆఖరున నిలిచింది. బదులుగా వచ్చిన ముగ్గురిలో జెటర్ డౌన్స్‌ని 2022లో వదిలేసుకున్నారు. అలెక్స్ వెర్డుగోని 2023 చివర్లో, అదీ బద్ధ ప్రత్యర్థి న్యూయార్క్ యాంకీస్‌కి, ఇచ్చేశారు. 2025 సీజన్ వచ్చేసరికి బోస్టన్ జెర్సీలో మిగిలింది క్యాచర్ కానర్ వాంగ్ ఒక్కడే.