డిస్క్ కరిగించే సూది: ఒప్పుకునే ముందు ఇవి చూసుకోండి

కర్నూలులో ఫిజియోథెరపీ చేస్తుంటాను. ఆదోని యార్డులో మూటలు ఎత్తే హమాలీలు, బేతంచెర్లలో నాపరాళ్లు మోసేవాళ్లు ఎక్కువగా వస్తుంటారు. ఎమ్మారై కవరు బల్లమీద పెట్టకముందే "డిస్క్ కరిగించే సూది ఉందంట కదా మేడం" అంటారు. డిస్కంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు. అది జారి కాలికి వెళ్లే నరాన్ని నొక్కితే కాలు నొప్పి వస్తుంది.

ముందు ఆ సూదిలో ఏ మందుందో తేల్చుకోండి. మన దగ్గర నడుముకు వేసేది చాలావరకు స్టిరాయిడ్. అది నరం చుట్టూ వాపు తగ్గిస్తుందంతే, డిస్కును కరిగించదు. కరిగించే సూదిలో ఉండేది ఎంజైమ్, అంటే పదార్థాలను విడగొట్టే ప్రోటీన్. అది డిస్కు లోపలికే వెళ్లి, నీటిని పట్టి ఉంచే గుజ్జును విడగొడుతుంది. డిస్కు కాస్త కుంచించుకుని నరం మీద ఒత్తిడి తగ్గుతుంది. మందు పేరు కాగితం మీద రాసిమ్మని డాక్టరు గారిని అడగండి, మొహమాటం వద్దు.

బొప్పాయి పాల నుంచి తీసిన ఎంజైమ్ కైమోపపైన్‌ను అమెరికాలో లైమన్ స్మిత్ అనే డాక్టరు 1960ల్లో మొదట వాడారు. 1982లో అక్కడ అనుమతి వచ్చింది. పదిమందిలో సుమారు ఏడుగురికి కాలు నొప్పి తగ్గింది. కానీ కొందరికి ప్రాణం మీదికొచ్చే అలర్జీ, అరుదుగా కాళ్లు చచ్చుబడటం కూడా జరిగాయి. 2003లో అక్కడ అమ్మకం ఆగిపోయింది. (బొప్పాయి పండు తింటే డిస్కు కరగదు. ఇదీ అడుగుతారు!) 2018లో జపాన్ కొండోలియేజ్ అనే మరో ఎంజైమ్‌కు అనుమతిచ్చింది. అలర్జీ భయంతో దాన్ని ఒక మనిషికి ఒక్కసారే వేస్తారు.

డిస్కు జారినవాళ్లలో చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో సూది లేకుండానే తగ్గుతుంది. కూలి పోతోందన్న టెన్షన్ తెలుసు, అయినా ఆ గడువు ఇచ్చి చూడండి.

సూది వేయించుకుంటే ఫలితాన్ని కాలుతో కొలవండి. గోడ పక్కన వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా కాలు మెల్లగా ఎత్తించుకోండి. పిక్కలోకి జివ్వుమన్న చోట మడమ ఎత్తులో సుద్దతో గీత పెట్టించండి. వారానికోసారి అదే గోడ దగ్గర చూడండి. గీత పైకి పోతున్నా, నొప్పి పిక్క వదిలి తొడకు, తొడ నుంచి పిరుదుకు జరుగుతున్నా మేలే. ఎంజైమ్ తర్వాత కొన్నాళ్లు నడుము పట్టేయడం మామూలే. అసలిది కాలు నొప్పికి వేసే సూది, ఒట్టి నడుము నొప్పికి కాదు.

మూత్రం ఆగినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవకపోయినా ఏ సూది మంచిదన్న చర్చ అక్కడితో ఆపేయండి. రాత్రయినా సరే, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి బయల్దేరండి.