తప్పు యాంటీబాడీది కాదు, పాలపొడిది

విజయనగరంలో మా చిన్న ల్యాబ్‌లో మూడు వారాలు నన్ను ఏడిపించిన సంగతి ఇది. కణాల పైన ఉండే ప్రోటీన్లకు బయోటిన్ (విటమిన్ బి7) గుర్తుగా అంటించి, వెస్టర్న్ బ్లాట్ చేసి (ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసి మెంబ్రేన్ అనే పల్చటి పొర మీదికి ఎక్కించడం), బయోటిన్‌ను మాత్రమే పట్టే మోనోక్లోనల్ యాంటీబాడీతో చూస్తున్నాను. ఫిల్మ్ మీద ఒక్క బ్యాండ్ (ప్రోటీన్ ఉన్నచోట పడే గీత) కూడా లేదు. ఆ వారం కరెంటు పోతూ వస్తూ ఉంది కదా, ఫ్రిజ్‌లో యాంటీబాడీ పాడైపోయిందనుకున్నాను. మొదటి యాంటీబాడీని పట్టి సిగ్నల్ ఇచ్చే సెకండరీ యాంటీబాడీని మార్చాను, ఫిల్మ్ ఎక్స్‌పోజర్ 1 నిమిషం నుంచి 20 నిమిషాలకు పెంచాను, అదే ఖాళీ.

చివరికి మేడం ఒక్కటే అడిగారు: "బ్లాకింగ్ దేనితో చేశావమ్మా?"

బ్లాకింగ్ అంటే యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా మెంబ్రేన్‌లోని ఖాళీలను ముందే కప్పెయ్యడం. నేను వాడింది మూడు లాంతర్ల దగ్గర కొన్న పాలపొడి, 5 శాతం. అదే కొంప ముంచింది. పాలల్లో బయోటిన్ సహజంగానే ఉంటుంది. నేనేమో యాంటీబాడీని కూడా ఆ పాలలోనే కలిపాను, ఇంక అది మెంబ్రేన్ దాకా రాకముందే పాలలో ఉన్న బయోటిన్‌తో కడుపు నింపేసుకుంది.

బ్లాకింగ్‌కి పాలపొడి బదులు 3 శాతం బీఎస్‌ఏకి (పశువుల రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) మారి, ట్వీన్ అనే సబ్బులాంటిది కలిపిన టీబీఎస్ ఉప్పు ద్రావణంతో పదేసి నిమిషాలు మూడుసార్లు కడిగాను. బ్యాండ్లు వచ్చాయి! సంబరపడేలోపే ఇంకో తలనొప్పి: బయోటిన్ వేయని కంట్రోల్‌లోనూ 75, 130 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర బ్యాండ్లు. అవి కణంలో మామూలుగానే బయోటిన్ మోసే కార్బాక్సిలేజ్ ఎంజైములు. వాటిని తీసెయ్యలేం, పక్కన కంట్రోల్ పెట్టుకుని లెక్కలోంచి వదిలెయ్యడమే.

పాలపొడి డబ్బా మీద మార్కర్‌తో 'బయోటిన్ బ్లాట్‌కి వద్దు' అని పెద్దగా రాసి పెట్టాను.