టెక్ట్రానిక్స్ 2465బి కంట్రోల్ బోర్డు విప్పే ముందు

టెక్ట్రానిక్స్ 2465బి పాతదైనా 400 మెగాహెర్ట్జ్, నాలుగు చానళ్ల ఆసిలోస్కోపు, అంటే విద్యుత్ సిగ్నళ్లను తెర మీద గీసి చూపే పరికరం (మన భాషలో స్కోపు). సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తే వదలబుద్ధి కాదు. కాకపోతే చివరి సీరియల్ నంబర్ల సెట్లలో వచ్చిన ఏ5 కంట్రోల్ బోర్డుకు రెండు రోగాలున్నాయి: కారిపోయే సర్ఫేస్ మౌంట్ (బోర్డు పైమీదే అతికించే) కెపాసిటర్లు, డీఎస్1225 మెమరీ చిప్పు. మూత తీయగానే అందరూ కెపాసిటర్ల మీద పడతారు. ముందు పట్టించుకోవాల్సింది చిప్పును.

స్కోపు కాలిబ్రేషన్ విలువలన్నీ, అంటే కొలతలు సరిగ్గా రావడానికి సరిచేసి పెట్టిన అంకెలన్నీ, ఆ చిప్పు పొట్టలోనే ఉంటాయి, వాటిని నిలబెట్టే లిథియం బ్యాటరీ కూడా అక్కడే. పదేళ్లకని చేసిన చిప్పు అది, స్కోపులకేమో ముప్పై ఏళ్ల అటూఇటూ వయసుంది. స్విచ్ వేయగానే తెర మీద టెస్ట్ 04 ఫెయిల్ అని పడితే విలువలు ఇప్పటికే చెడినట్టు అనుమానించాలి. పడకపోతే మాత్రం ఇంకే పనీ పెట్టుకోకండి. చిప్పును జాగ్రత్తగా ఊడదీసి, చిప్పులోని డేటాను చదివే పరికరమైన ప్రోగ్రామర్‌లో రెండుసార్లు చదివించండి, రెండు ఫైళ్లూ ఒకేలా ఉన్నాయో పోల్చండి, వేర్వేరు చోట్ల దాచండి. తిరిగి పెట్టేటప్పుడు సాకెట్ వేయండి. కెపాసిటర్ పోతే కొనుక్కోవచ్చు. ఈ విలువలు పోతే మళ్లీ కాలిబ్రేట్ చేయడానికి కావలసిన సిగ్నల్ జనరేటర్లు మన ఇళ్లలో ఉండే సరుకు కాదు. బోర్డు మీద కాలిబ్రేషన్ కోసం ఉండే జంపర్ (తీసి పెట్టగలిగే చిన్న కనెక్టర్)‌ను సరదాకైనా కదపొద్దు.

ఇక కెపాసిటర్లు. కారిన చోట సోల్డర్ మెరుపు పోయి బూడిదరంగుకు తిరుగుతుంది, పక్కన ట్రేసులు (బోర్డు మీది రాగి గీతలు) నల్లబడతాయి. సోల్డరింగ్ ఐరన్ తగిలిస్తే కుళ్లిన చేపల కంపు కొడుతుంది. కిటికీ తెరిచి కూర్చోండి. శ్రావణంతో మెలితిప్పి పీకే పద్ధతి ఈ బోర్డుకు పనికిరాదు, ద్రవం తిన్న ప్యాడ్ (కాలు అతుక్కునే రాగి మచ్చ) కూడా లేచి వచ్చేస్తుంది. కొత్త సోల్డర్ పూసి రెండు కాళ్లూ ఒకేసారి వేడిచేసి లేపండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మురికి పోయేదాకా బ్రష్ చేసి, భూతద్దం కింద ఒక్కో ట్రేసుకూ కంటిన్యుటీ (ఎక్కడా తెగకుండా ఉందో లేదో) మీటర్ పెట్టి చూడండి. కంటికి బాగున్న ట్రేసు లోపల తెగి ఉండొచ్చు.

పవర్ సప్లై జోలికి వెళ్తే సంగతి వేరు. అమెరికా నుంచి వచ్చిన సెట్ అయితే వోల్టేజ్ స్విచ్ 115 మీద ఉందో 230 మీద ఉందో చూడకుండా ప్లగ్ పెట్టకండి. మెయిన్స్ (ఇంటి కరెంటు) వైపు ఉండే రిఫా కంపెనీ కెపాసిటర్ల పైతొడుగు చిట్లుతుంది, వానాకాలపు చెమ్మ ఆ పగుళ్లలోంచి లోపలికి దిగితే పొగ ఖాయం. వాటిని ముందే మార్చేయండి. మన 230 వోల్టుల మీద లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులు దాటి డీసీ ఉంటుంది. ప్లగ్ తీశాక కాసేపు ఆగి, మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి. పవర్ సప్లై ప్రైమరీ వైపు, అంటే కరెంటు లోపలికి వచ్చే భాగం, నేరుగా మెయిన్స్‌తో కలిసి ఉంటుంది. ఇంకో స్కోపు గ్రౌండ్ క్లిప్ అక్కడ తగిలించారో, పెద్ద చప్పుడే. పిక్చర్ ట్యూబ్ ఆనోడ్ టోపీలో వేల వోల్టులుంటాయి, దాన్ని అసలు ముట్టుకోకండి.

పరీక్షకు ఆన్ చేసేటప్పుడు మూత తీసి ఎక్కువసేపు నడపొద్దు. తెర మీద గీతను అడ్డంగా నడిపే యూ800 అనే హారిజాంటల్ ఐసీ మామూలుగానే కాగిపోతుంది. బయటి నుంచి చిన్న ఫ్యాన్ గాలి దానికి తగిలేలా పెట్టండి.