నెట్‌వర్క్‌ను గీసి, అందులో కీలకమైన బిందువును గుర్తించడం ఎలా?

రైలు మార్గాలు, అంటువ్యాధి పాకిన తీరు, కుటుంబాల మధ్య వియ్యాలు, అడవిలో ఏ జీవి దేన్ని తింటుందన్న వివరం, వీటన్నింటినీ నెట్‌వర్క్ సిద్ధాంతం ఒకే చూపుతో చూస్తుంది. కొన్ని బిందువులు ఉంటాయి, వాటిని కలిపే లంకెలు ఉంటాయి. కోనిగ్స్‌బర్గ్ పట్టణంలోని ఏడు వంతెనలను ఒక్కొక్కదాన్ని ఒక్కసారే దాటుతూ నడవడం అసాధ్యమని 1735లో గణితవేత్త ఆయిలర్ నిరూపించినప్పుడు వీధుల పొడవును, మలుపులను పూర్తిగా వదిలేసి, ఏ నేల ఏ నేలతో వంతెన ద్వారా కలుస్తుందన్నది మాత్రమే ఉంచుకున్నారు. ఏది ఉంచాలో, ఏది వదలాలో ముందే తేల్చుకోవడమే ఈ పనిలో అసలు నైపుణ్యం. చాలామంది దాన్ని దాటేసి నేరుగా రంగురంగుల బొమ్మ దగ్గరికి వెళ్లిపోతారు కనుకనే ఈ వ్యాసం రాయవలసి వచ్చింది.

కావలసిన సామగ్రి కొద్దిగానే ఉంటుంది. కాగితం, పెన్సిల్, ఏదైనా స్ప్రెడ్‌షీట్ చాలు. బిందువులు యాభై దాటితే గెఫీ అనే సాఫ్ట్‌వేర్‌ను గాని, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలిసినవారు నెట్‌వర్క్‌ఎక్స్ లైబ్రరీని గాని వాడుకోవచ్చు. రెండూ ఉచితమే. తొలి నెట్‌వర్క్‌ను మాత్రం చేత్తోనే గీయాలి.

ముందుగా ప్రశ్నను ఒకే వాక్యంలో రాసుకోండి. తరువాత రెండు నిలువు వరుసల పట్టికలో ఒక్కో లంకెను ఒక్కో అడ్డు వరుసగా ఎక్కించండి. ఒకే ఊరి పేరు రెండు రకాల అక్షరక్రమంతో పడితే కంప్యూటర్ దాన్ని రెండు ఊళ్లుగా లెక్కిస్తుంది కాబట్టి పేర్లను ఒకసారి సరిచూసుకోండి. ఇంతవరకు ఎవరైనా చేయగలరు.

ఇక్కడినుంచి నిదానంగా సాగాలి. లంకె అంటే ఏమిటో నిర్వచించడమే మొత్తం పనిలో కష్టమైన ఘట్టం. సికింద్రాబాద్, కాజీపేట, విజయవాడ, గూడూరు, చెన్నై స్టేషన్లను తీసుకోండి. ఈ ఐదింటిని మాత్రమే బిందువులుగా ఉంచుకుని, వీటిలో పట్టాలపై ఒకదాని తరువాత ఒకటి వచ్చే వాటి మధ్యనే లంకె ఉందనుకుంటే నాలుగు లంకెలు వస్తాయి, సికింద్రాబాద్ నుంచి చెన్నైకి నాలుగు అంగల దూరం అవుతుంది. అలా కాక, ఒకే రైలు ఆగే స్టేషన్లన్నింటి మధ్యా లంకె ఉందనుకుంటే, ఈ ఐదుచోట్లా ఆగే ఒక్క ఎక్స్‌ప్రెస్ పది లంకెలను సృష్టిస్తుంది, అప్పుడు సికింద్రాబాద్ నుంచి చెన్నై ఒక్క అంగే అవుతుంది. ఊళ్లూ పట్టాలూ మారలేదు, సమాధానం మాత్రం పూర్తిగా మారిపోయింది.

ఈ రెండు నిర్వచనాల్లో ఏదీ తప్పు కాదు. ప్రయాణికుడు ఎన్ని రైళ్లు మారాలన్నది మీ ప్రశ్న అయితే రెండోది సరైనది. భారతీయ రైల్వేపై 2003లో వెలువడిన ప్రసిద్ధ పరిశోధన కూడా కనీసం ఒక్క రైలైనా రెండు స్టేషన్లలో ఆగితే వాటి మధ్య లంకె ఉన్నట్టే అన్న నిర్వచనంతోనే సాగింది. కానీ పట్టాలు తెగితే ఏమవుతుందన్నది మీ ప్రశ్న అయితే మొదటిదే వాడాలి. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో భారీ వర్షాలకు మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయినప్పుడు కాజీపేట, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. ఆ దెబ్బ ఎక్కడివరకు తగులుతుందో అంచనా వేయాలంటే పట్టాల లంకెలు కావాలి. రైళ్ల లంకెల పటంలో ఆ తెగిన చోటు అసలు కనిపించదు.

రెండో నిర్వచనాన్ని ఎంచుకున్నవారు మరొక ప్రమాదాన్ని గుర్తుంచుకోవాలి. ఇరవై చోట్ల ఆగే రైలు ఒక్కటే నూట తొంభై లంకెలను తెస్తుంది, ఆ ఇరవై స్టేషన్లూ పరస్పరం కలిసిపోతాయి. అటువంటి పటంలో గుంపులు దట్టంగా ఉన్నాయని తేలితే అది రైల్వే గురించి కొత్తగా తెలిసిన సంగతి కాదు, మీ నిర్వచనం నుంచే పుట్టిన ఫలితం. ఒకే సినిమాలో నటించినవారందరినీ కలిపే పటాలకు, ఒకే పరిశోధన పత్రంపై పేర్లున్న వారిని కలిపే పటాలకు ఇదే లోపం వర్తిస్తుంది. ముప్పైమంది నటించిన ఒక్క సినిమా 435 లంకెలను ఇస్తుంది, వారిలో చాలామంది ఒకరికొకరు ఎదురుపడి కూడా ఉండకపోవచ్చు. కనుక ఇలాంటి చోట్ల రైళ్లను ఒక రకం బిందువులుగా, స్టేషన్లను మరొక రకం బిందువులుగా ఉంచి లెక్కించడమే నేను అంగీకరించే పద్ధతి.

వేర్వేరు రకాల లంకెలను ఒకే గీతగా కలపకండి. ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో బ్యాంకర్ల కుటుంబమైన మెడిచీల ఎదుగుదలపై 1993లో పాజెట్, ఆన్సెల్ ప్రచురించిన అధ్యయనంలో వియ్యాలను, వ్యాపార సంబంధాలను వేరువేరుగా నమోదు చేశారు. అందువల్లనే ఆ కుటుంబం ఒక వర్గంతో వియ్యమందుతూ, మరొక వర్గంతో వ్యాపారం చేస్తూ, తమ ద్వారా తప్ప కలవని ఆ రెండు వర్గాల మధ్య నిలబడిందని బయటపడింది. రెండింటినీ కలిపేసి ఉంటే ఆ సంగతి గీతల మధ్య మాయమయ్యేది. అంటువ్యాధుల విషయంలోనైతే తేదీ కూడా తప్పనిసరి. రాముడు శ్యాముణ్ణి కలవకముందే శ్యాముడు సోముణ్ణి కలిసి వచ్చాడనుకోండి. పటంలో ముగ్గురూ వరుసగా కనిపిస్తారు గాని, ఆ కలయికల ద్వారా రాముడి జబ్బు సోముడికి చేరే దారే లేదు.

నిర్వచనం స్థిరపడ్డాక లెక్క సులభం. చాలామంది ఎక్కువ లంకెలున్న బిందువే ముఖ్యమైనదని తేల్చేస్తారు, అది సోమరి కొలత. మిగతా బిందువుల మధ్య అతి తక్కువ అంగల దారుల్లో ఎన్ని దీని మీదుగా వెళ్తున్నాయో లెక్కించండి, ఈ కొలతనే బిట్వీన్‌నెస్ అంటారు. పై ఐదింటికి బల్హార్షా, విశాఖపట్నం, రేణిగుంటలను చేర్చి, బల్హార్షాను కాజీపేటతో, విశాఖను విజయవాడతో, రేణిగుంటను గూడూరుతో కలపండి. కాజీపేట, విజయవాడ, గూడూరు మూడింటికీ మూడేసి లంకెలే ఉన్నా, కాజీపేట, గూడూరుల మీదుగా పదకొండేసి జతల దారులు వెళ్తే, విజయవాడ మీదుగా పదిహేను వెళ్తాయి. ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి నల్గొండ మీదుగా గుంటూరుకు, అక్కడినుంచి విజయవాడకు లంకెలు చేర్చండి. సమానమైన రెండో దారి ఏర్పడిన జతలకు ఒక్కో దారికి సగమే లెక్క పడుతుంది కాబట్టి, గుంటూరు అనే ఒక బిందువు పెరిగినా కాజీపేట లెక్క తొమ్మిదిన్నరకు తగ్గుతుంది. ప్రపంచ విమానాశ్రయాలపై 2005లో వచ్చిన అధ్యయనంలో అలస్కాలోని యాంకరేజ్ తక్కువ లంకెలతోనే ఈ కొలతలో ఎంతో పైకి రావడానికి కారణం, అలస్కాలోని అనేక చిన్న విమానాశ్రయాలకు బయటి ప్రపంచంతో అదే ద్వారం కావడం.

బొమ్మ చివరనే గీయాలి. సాఫ్ట్‌వేర్ బిందువులను ఎక్కడ ఉంచిందన్నది అందం కోసం వేసిన అమరిక మాత్రమే, కనుక బొమ్మ మధ్యలో ఉన్నంతమాత్రాన ఏ బిందువూ ముఖ్యమైనది కాదు. రంగు ఒక్కటే వాడండి, గీతలు ఒకదానిపై ఒకటి పడి జడలా కనిపిస్తే బొమ్మను వదిలేసి పట్టికనే చూపండి.

ఆఖరున, ముఖ్యమైనదని తేలిన బిందువును పట్టికలోంచి తీసేసి మళ్లీ లెక్కించండి. పటం ముక్కలైతే, లేదా మిగిలిన వాటి మధ్య దారులు బాగా పొడవైతే, మీ నిర్ధారణ నిలిచినట్టే. ఏ మార్పూ రాకపోతే లంకె నిర్వచనం దగ్గరికి తిరిగి వెళ్లండి. ఆ నిర్వచనాన్ని బొమ్మ కింద ఒక పూర్తి వాక్యంగా, లెక్క కట్టిన తేదీతో సహా, తప్పక రాయండి.