కుర్ర హాకీ ఆటగాడి కెరీర్‌ని ఫాలో అవడం ఎలా

ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని పెద్ద ఐస్ హాకీ లీగ్) చూడటం అలవాటైన వాళ్లకు మొదట ఏదో ఒక జట్టు మీద ఇష్టం పుడుతుంది. నన్నడిగితే అంతకంటే తృప్తినిచ్చే పని ఇంకోటుంది. ఇంకా పేరు రాని పద్దెనిమిదేళ్ల కుర్రాడిని ఒకణ్ణి పట్టుకుని, అతను ఏ ఊళ్లో ఆడుతుంటే అటు ఒక కన్నేసి, నాలుగైదేళ్లు వదలకుండా చూడటం. ఏటా డ్రాఫ్ట్ (జట్లు వరసగా కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమం) అయ్యాక నేను చేసేది ఇదే. అతని పేరు మీద నోట్‌బుక్‌లో ఒక పేజీ పెట్టుకుంటాను. గోల్స్ లెక్క రాయను, అది ఎక్కడైనా దొరుకుతుంది. కోచ్ అతన్ని ఎప్పుడు దింపాడు, ఎంతసేపు ఆడించాడు, ఎవరి పక్కన ఆడించాడు, ఇవి రాసుకుంటాను. కుర్రాడి కెరీర్ ఎటు పోతోందో అన్నిటికంటే ముందు చెప్పేది కోచ్‌కి అతని మీద ఉన్న నమ్మకమే.

ఎవరిని ఎంచుకోవాలి? మొదటి పిక్‌ని, అంటే డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైనవాణ్ణి వదిలేయండి, అతని గురించి లోకమంతా రాస్తుంది. 32 జట్లు, 7 రౌండ్లు, మొత్తం 224 మంది దాకా ఎంపికవుతారు. వాళ్లలో ఎక్కువమంది ఎన్‌హెచ్‌ఎల్‌లో స్థిరపడరు. అలాగని కిందిపేర్లను కొట్టిపారేయలేం. బ్రేడెన్ పాయింట్ 2014లో 79వ పిక్. కిరిల్ కప్రిజోవ్ 2015లో 135వ పిక్. పావెల్ డట్సుక్ 1998లో 171, హెన్రిక్ లుండ్‌క్విస్ట్ 2000లో 205. మార్టిన్ సెయింట్ లూయీని అసలు ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. డ్రాఫ్ట్ నంబరు చెప్పేది పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసులో స్కౌట్లకు అతను ఎలా కనిపించాడన్నదే. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. మొదటి రౌండ్ కుర్రాడు తడబడితే ఇంకో అవకాశం వస్తుంది, ఐదో రౌండ్ వాడికి అంత సులువుగా రాదు. అందుకే నేను రెండు, మూడు, నాలుగు రౌండ్లలో వెతుకుతాను.

తర్వాత అతను ఏ లీగ్‌లో ఆడుతున్నాడో చూడండి. కెనడా జూనియర్ లీగ్‌లలో అందరూ ఇరవై ఏళ్ల లోపు, ఆ చుట్టుపక్కల వాళ్లే. అక్కడ వంద పాయింట్లు (గోల్స్, గోల్‌కి దారితీసిన పాస్‌లు కలిపి) చేసినవాణ్ణి చూసి పొంగిపోవద్దు. స్వీడన్, ఫిన్లాండ్ పెద్ద లీగ్‌లలో ముప్ఫై ఏళ్ల డిఫెన్స్‌మన్ మీద పడుతుంటే తట్టుకుని పన్నెండు పాయింట్లు చేసిన కుర్రాడి మీద నాకు ఎక్కువ నమ్మకం. జూనియర్‌లో ఇంకో చిక్కుంది. అక్కడి నుంచి డ్రాఫ్టయిన కుర్రాణ్ణి ఇరవై ఏళ్లు రాకముందు ఏహెచ్‌ఎల్‌కి (ఎన్‌హెచ్‌ఎల్‌కి సరిగ్గా కిందుండే లీగ్‌కి) పంపకూడదన్న నిబంధన చాలా ఏళ్లు నడిచింది. అయితే ఎన్‌హెచ్‌ఎల్, లేదంటే మళ్లీ జూనియరే. పందొమ్మిదేళ్లవాడికి ఇది ఎంత ఇబ్బందో ఆలోచించండి. కింది లీగ్ చాలదు, పై లీగ్‌కి ఒళ్లు గట్టిపడలేదు. ఆ ఏడాది ఆట ముందుకు సాగకపోతే తప్పు అతనిదే అనుకోకండి. లీగ్, ఆటగాళ్ల సంఘం 2025లో కుదుర్చుకున్న ఒప్పందంలో దీన్ని సడలించే అంశం చేరింది. కాలేజీ దారి కూడా తెరుచుకుంది. 2025-26 సీజన్ నుంచి జూనియర్ ఆటగాళ్లను అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ చేర్చుకుంటోంది. గావిన్ మెకెన్నా అనే కుర్రాడు మెడిసిన్ హాట్ జూనియర్ జట్టు వదిలి పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లింది అలాగే.

కాంట్రాక్టు సంగతి చాలామంది పట్టించుకోరు. అది తెలియకపోతే సగం వార్తలు అర్థం కావు. 18 నుంచి 21 ఏళ్ల మధ్య సంతకం చేసిన కుర్రాడి ఎంట్రీ లెవెల్ కాంట్రాక్టు (ఎన్‌హెచ్‌ఎల్ జట్టుతో తొలి కాంట్రాక్టు) మూడేళ్లు. 18, 19 ఏళ్లవాడు ఆ సీజన్‌లో 10 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌ల కంటే తక్కువ ఆడితే ఆ ఏడాది లెక్కలోకి రాదు, కాంట్రాక్టు మరుసటి ఏడాదికి జరుగుతుంది. అందుకే అక్టోబర్‌లో ఇలాంటి కుర్రాడు జట్టులో ఉంటే అతని తొమ్మిదో మ్యాచ్ ఎప్పుడో చూసి పెట్టుకోండి. పదో మ్యాచ్‌కి దింపారంటే ఒక ఏడాది కాంట్రాక్టు ఖర్చు పెట్టడానికి జట్టు సిద్ధపడిందన్నమాట. మేనేజర్ విలేకరులతో చెప్పే తీపి మాటలకంటే ఇది గట్టి సాక్ష్యం.

కిందికి పంపినప్పుడు కంగారు పడకండి. అనుభవమున్న ఆటగాణ్ణి ఏహెచ్‌ఎల్‌కి పంపాలంటే ముందు వేవర్స్‌లో పెట్టాలి. 24 గంటల్లో ఏ జట్టయినా ప్రతిఫలం ఇవ్వకుండా కాంట్రాక్టుతో సహా అతన్ని తీసుకుపోవచ్చు. కుర్రాళ్లకు కొన్ని సీజన్ల వరకు ఈ బాధ లేదు. 18 నుంచి 20 ఏళ్ల మధ్య సంతకం చేసిన, గోలీలు (గోల్‌కీపర్లు) కాని ఆటగాళ్లయితే ఆలోపే 160 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు పూర్తయినప్పుడు మినహాయింపు పోతుంది. 23 మంది జట్టులో చోటు ఇరుకైతే బాగా ఆడుతున్న కుర్రాడు కిందికి వెళ్లి, అంతగా ఆడని ఇరవై ఎనిమిదేళ్లవాడు మిగలడం వెనక ఉన్న లెక్క ఇది. "పంపేశారు" అన్న వార్త చూడగానే అతనికి మినహాయింపు ఇంకా ఉందా లేదా చూడండి. ఉంటే అది ఆట మీద తీర్పు కాకపోవచ్చు. లేదని తెలిసీ వేవర్స్‌లో పెట్టారంటే అప్పుడు బాధపడాల్సిందే.

ఇక ఏహెచ్‌ఎల్. దగ్గర్లో ఏహెచ్‌ఎల్ జట్టు ఉంటే తప్పకుండా వెళ్లండి, కుర్రాడి ఆట తెలిసేది అక్కడే. శుక్ర, శని, ఆదివారాలు వరసగా మూడు మ్యాచ్‌లు పడే వారాలుంటాయి. మూడోరోజు కాళ్లు లాగేస్తున్నప్పుడు ఎలా ఆడాడో చూడండి. నా పద్ధతి చెబుతాను. ఒక పీరియడ్ (ఆటలో మూడో వంతు) మొత్తం పక్‌ని (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లని) వదిలేసి అతన్నొక్కణ్ణే చూస్తాను. టీవీ కెమెరా పక్ వెంట పోతుంది కాబట్టి ఇది రింక్‌లో కూర్చుంటేనే కుదురుతుంది.

అలా ఒక కుర్ర డిఫెన్స్‌మన్‌ని శీతాకాలమంతా చూశాను. మొదట్లో పక్ మూలకు పోతే తల వంచుకుని నేరుగా దాని మీదికి పోయేవాడు. వెనకనుంచి పక్ లాక్కోవడానికి వచ్చే ఎదుటి జట్టు ఆటగాడు (ఫోర్‌చెకర్) అతన్ని రింక్ చుట్టూ ఉండే బోర్డులకు నొక్కేసేవాడు. జనవరి అయ్యేసరికి మారాడు. పక్ దగ్గరికి చేరేలోపు ఎడమ భుజం మీంచి ఒక చూపు, కుడి భుజం మీంచి ఇంకో చూపు. పక్ స్టిక్‌కి తగిలేసరికి ఎటు పాస్ ఇవ్వాలో ముందే తెలిసిపోయి ఉండేది. అతని ఖాతాలో ఒక్క పాయింటు కూడా పెరగలేదు. కానీ ఆఖరి రెండు నిమిషాల్లో ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నప్పుడు కోచ్ అతన్నే దింపడం మొదలుపెట్టాడు. ఆ రోజు నా పేజీలో ఆ ఒక్క సంగతే రాసుకున్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఫార్వర్డ్ అయితే పక్ పోగొట్టుకున్న తర్వాతి రెండు సెకన్లు చూడండి. బ్రేకు వేసి అక్కడికక్కడే వెనక్కి తిరుగుతున్నాడా, పెద్ద వంపు తీసుకుని తీరిగ్గా వస్తున్నాడా? షిఫ్ట్ (ఒక్కసారి దిగి ఆడే వంతు) ముప్పావు నిమిషంలో ముగించి బెంచికి వస్తున్నాడా, నిమిషం దాటినా ఐస్ మీదే వేలాడుతున్నాడా? కోచ్‌లకు నమ్మకం పోయేది ఇక్కడే.

ఎన్‌హెచ్‌ఎల్‌కి వచ్చాక ప్రతి మ్యాచ్‌కీ ఐస్ టైమ్ అధికారికంగా దొరుకుతుంది. అందులో పవర్ ప్లే (ఎదుటి జట్టులో పెనాల్టీ వల్ల ఒకరు తగ్గినప్పుడు), పెనాల్టీ కిల్ (మన జట్టులో తగ్గినప్పుడు) నిమిషాలు విడిగా ఉంటాయి. నాలుగో లైన్‌లో (అందరికంటే తక్కువ ఆడించే ఫార్వర్డ్‌ల వరసలో) తొమ్మిది నిమిషాలు ఆడే కుర్రాడు నెల తిరిగేసరికి పద్నాలుగుకి చేరితే, గోల్స్ లేకపోయినా ఎదుగుతున్నట్టే. గోల్స్ వరదలా వస్తుంటే షూటింగ్ శాతం చూడండి. కొట్టిన షాట్లలో ఐదో వంతు లోపలికి పోతుంటే అది ఎల్లకాలం సాగదు. ప్లస్-మైనస్ అంకెను (అతను ఐస్ మీదున్నప్పుడు జట్టు కొట్టిన గోల్స్‌కీ ఇచ్చిన గోల్స్‌కీ తేడా) నేను చూడను, పక్కనున్నవాళ్లు చేసిన దాంతో అది పెరిగిపోతుంది, తరిగిపోతుంది.

మొదటి సీజన్ చూసి కొట్టేయకండి. 2019 మొదటి పిక్ జాక్ హ్యూస్ తొలి ఏడాది 61 మ్యాచ్‌లలో 21 పాయింట్లే చేశాడు. అప్పుడే పెదవి విరిచినవాళ్లున్నారు. 2022-23లో అదే కుర్రాడు 99 చేశాడు. 2022 మొదటి పిక్ స్లాఫ్‌కోవ్‌స్కీ 39 మ్యాచ్‌లలో 10 దగ్గర ఆగిపోయి గాయంతో కూర్చున్నాడు, తర్వాతి ఏడాది 20 గోల్స్, 50 పాయింట్లు. డిఫెన్స్‌మన్‌కి ఇంకా ఎక్కువ సమయం ఇవ్వాలి. గోలీకైతే చెప్పక్కర్లేదు. షెస్టెర్కిన్ 2014లో డ్రాఫ్టయ్యాడు, తొలి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ 2020 జనవరిలో, ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీ 2022లో.

ఎంట్రీ లెవెల్ ముగిశాక అతను మామూలుగా రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అవుతాడు, హక్కులు జట్టు దగ్గరే ఉంటాయి. వేరే జట్టు ఇచ్చిన ఆఫర్ షీట్ (కాంట్రాక్టు ప్రతిపాదన) మీద అతను సంతకం చేస్తే, అదే కాంట్రాక్టు తానే ఇచ్చి అతన్ని నిలుపుకోవడానికి పాత జట్టుకి ఏడు రోజుల గడువుంటుంది. 2024 ఆగస్టులో సెయింట్ లూయిస్ ఇలాగే ఎడ్మంటన్ నుంచి డిలన్ హాలోవేని, ఫిలిప్ బ్రోబర్గ్‌ని తీసుకుంది. హాలోవే అంతకుముందు సీజన్‌లో 38 మ్యాచ్‌లకు 9 పాయింట్లు చేశాడు. కొత్త జట్టులో 26 గోల్స్, 63 పాయింట్లు. ఒక్క వేసవిలో కాళ్ల వేగం అంతలా మారిపోదు. మారింది అతనికి దొరికిన నిమిషాలు, పక్కన ఆడేవాళ్లు. మీ కుర్రాడు ఆగిపోయినట్టు అనిపిస్తే ముందు జట్టులో అతని పైనున్న వాళ్లెవరో, వాళ్ల కాంట్రాక్టులు ఎన్నేళ్లో చూడండి. అతని దారికి అడ్డం అక్కడే ఉండొచ్చు.

జులైలో డెవలప్‌మెంట్ క్యాంపులు జరుగుతాయి, అక్కడ చూసినదాన్ని బట్టి ఏదీ తేల్చకండి. సెప్టెంబర్ రూకీ మ్యాచ్‌లు కాస్త నయం. అన్నిటికంటే నాకు ఇష్టమైనవి మార్చి చివరి రోజులు, ఏప్రిల్. జూనియర్, కాలేజీ సీజన్లు ముగిసిన కుర్రాళ్లు ఒక్కొక్కరే సంచి భుజాన వేసుకుని పెద్దవాళ్ల జట్లలోకి వస్తారు. కేల్ మకార్ 2019 ఏప్రిల్ 13న మసాచుసెట్స్ యూనివర్సిటీ తరఫున కాలేజీ ఫైనల్ ఆడి ఓడిపోయాడు. 15న కొలరాడో తరఫున స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్) ప్లేఆఫ్ మ్యాచ్‌లో దిగి గోల్ కొట్టాడు. అందరికీ అలా జరగదు. చాలామంది ట్రైఅవుట్ (పరీక్షగా ఆడించి చూసే) ఒప్పందం మీద ఏహెచ్‌ఎల్‌లో నాలుగైదు మ్యాచ్‌లు ఆడతారంతే. మీరు ఎంచుకున్నవాడు అలా వస్తే ఆ మ్యాచ్‌లు మాత్రం వదులుకోకండి, వీలైతే వార్మప్ టైముకే వెళ్లి కూర్చోండి.