బ్రిడ్జ్ నేర్చుకుందాం – 7వ పాఠం: ఆసు కింద ముక్క

ఈ వారం డమ్మీని, అంటే బిడ్ గెలిచి ఆడే డిక్లేరర్‌కి ఎదురుగా అతని పార్ట్‌నర్ తెరిచి పరిచే ముక్కల్ని చూసి ప్లాన్ వేసుకోవడం గురించి రాస్తానన్నాను. అది వచ్చే వారానికి జరిపాను. పోయిన పాఠంలో లీడ్, అంటే ఆట మొదలుపెట్టే మొదటి ముక్క, గురించి రాశాను. అది చదివినవాళ్లలో చాలామంది ఒకే చోట దెబ్బతిన్నారు. ఆ సంగతి తేల్చకుండా ముందుకు వెళ్లలేను.

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం సాయంత్రం రెండు టేబుళ్లు నడుస్తాయి. మొన్న నాకు ఎదురుగా బాబాయిగారు కూర్చున్నారు. నెల్లూరు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్నారు, ఈ పాఠాలు ప్రింట్ తీసుకుని మరీ చదువుతారు. అవతలివాళ్ల బిడ్డింగ్ ఒక ఇస్పేటు, మూడు ఇస్పేట్లు, నాలుగు ఇస్పేట్లు. అంటే ఇస్పేటు తురుపుగా 13 ట్రిక్కుల్లో పది తామే చేస్తామని. మేమిద్దరం అన్నిసార్లూ పాస్. లీడ్ బాబాయిగారిది. ఆయన చేతిలో ఉన్నవి ఇవి:

ఇస్పేటు: 7, 4
ఆటీను: ఆసు, 9, 6, 3, 2
డైమన్: రాణి, జాకీ, 10, 5
కళావరు: 8, 3

ఆయన ఆటీను 3 వేశారు. డమ్మీ పరిచారు, ఆటీనులో రాణి, 5, 4 ఉన్నాయి. డమ్మీ నుంచి 4 పడింది, నేను 10 వేశాను, డిక్లేరర్ రాజు వేసి పట్టుకుపోయాడు. అతని దగ్గర ఉన్న ఆటీను ఆ రాజొక్కటే. ఇక ఆ రంగు ఎప్పుడు తిప్పినా అతను తురుపు వేస్తాడు. బాబాయిగారి ఆసు చివరిదాకా చేతిలోనే ఉండిపోయింది. మాకు రెండు డైమన్లు, నా కళావరు ఆసు, మొత్తం మూడే ట్రిక్కులు వచ్చాయి. వాళ్లు ఆట గెలిచేశారు.

డైమన్ రాణి వేసి ఉంటే ఆ మూడూ వచ్చేవి, ఆటీను ఆసూ వచ్చేది. నాలుగు. ఆట పోయేది.

ఆయన ముక్కలు కిందపెట్టి, "నువ్వే కదయ్యా పొడుగు రంగులో పైనుంచి నాలుగో ముక్క వేయమన్నావు?" అన్నారు. అన్నాను. కానీ అది నోట్రంప్ ఆటకి. ఆ మాట పాఠంలో ఒక్కసారే రాశాను, మూడుసార్లు రాయాల్సింది. చెన్నై నుంచి ఒకరు, హోసూరు నుంచి ఇంకొకరు ఇదే తప్పు చేశామని రాశారు.

నోట్రంప్‌లో నాలుగో ముక్క ఎందుకంటే, అక్కడ తురుపు లేదు. మీ రంగులో అవతలివాళ్ల పెద్ద ముక్కలు అయిపోతే మీ 3, 2 కూడా ట్రిక్కులు చేస్తాయి. అందుకే ఆసును మొదటే ఖర్చు చేయకుండా దాచుకుంటాం. తర్వాత చేయి మన దగ్గరికి రావడానికి అది పనికొస్తుంది. పార్ట్‌నర్‌కి కూడా లెక్క దొరుకుతుంది. 11లోంచి మీరు వేసిన ముక్క తీసేస్తే, దానికంటే పెద్దవి మిగతా మూడు చేతుల్లో ఎన్నున్నాయో తెలుస్తుంది. మీరు 6 వేస్తే 5. డమ్మీలో రెండు, తన దగ్గర రెండు కనిపిస్తే డిక్లేరర్ దగ్గర ఒక్కటే.

తురుపు ఆటలో ఆ చిన్న ముక్కలకు విలువ లేదు. మూడో రౌండ్ వచ్చేసరికి ఎవరో ఒకరు తురుపు వేస్తారు, చాలాసార్లు రెండో రౌండ్‌కే. కాబట్టి ఆసు చేయగలిగిన పని ఒక్కటే: అవతలివాళ్ల రాజు మీద పడటం. మీరు దాని కింద చిన్న ముక్క వేశారంటే రాజుకు తలుపు తీసినట్టే. రాజు డిక్లేరర్ దగ్గర ఒంటరిగా ఉంటే ఏమవుతుందో చూశారు. డమ్మీలో రాజు, ఇంకో చిన్న ముక్క, డిక్లేరర్ దగ్గర ఆ రంగు ఒక్కటే ఉన్నా అదే నష్టం.

"రాజు పార్ట్‌నర్ దగ్గర ఉండొచ్చుగా?" అని హోసూరు ఆయన అడిగారు. ఉంటే ఉండనివ్వండి, తర్వాత తీసుకోవచ్చు. పైగా ఇంకో చిక్కుంది. మీరు తురుపు ఆటలో చిన్న ముక్క వేస్తే, మీ దగ్గర ఆసు లేదని పార్ట్‌నర్ నమ్ముతాడు. ఆ నమ్మకం మీదే తన ముక్కలు ఎంచుకుంటాడు. ఒక్కసారి దాన్ని చెడగొడితే ఆ సాయంత్రమంతా తను అనుమానంగానే ఆడతాడు. బాగా ఆడేవాళ్లు ఎప్పుడో ఒకసారి ఆసు కింద వేస్తారు, నిజమే. మీరు ఇంకా రెండేళ్లపాటు ఆ ఊసెత్తకండి.

రాజు తోడు లేని ఆసు ఉన్న రంగును అసలు ముట్టుకోకండి. వేయక తప్పకపోతే ఆసే వేయండి. పార్ట్‌నర్ పిలిచిన రంగులో మీకు ఆసు, ఇంకో రెండు చిన్నవి ఉంటే తురుపు ఆటలో ఆసు, నోట్రంప్‌లో చిన్నది. వరుస ముక్కలుంటే అన్నిటికంటే పెద్దది. ఇవి మీకు తెలిసినవే.

ఒంటి ముక్క లీడ్ అందరికీ ముద్దు. నాకు అంత కాదు. మీ తురుపులు ఆసు, 7, 3 లాంటివైతే హాయిగా వేయండి. వాళ్లు తురుపులు తిప్పగానే ఆసుతో ఆపుతారు, చిన్న తురుపు దేనికో పనికొస్తుంది. అదే రాణి, జాకీ, 9, 5 ఉంటే అవి ఎలాగూ ట్రిక్కు చేస్తాయి, వాటిని తురుపు వేయడానికి ఖర్చు చేయకండి. నాకు నచ్చేది తురుపు లీడ్. డిక్లేరర్ ఇస్పేటు, తర్వాత ఆటీను పిలిచి, డమ్మీ ఆటీనుకే ఒప్పుకుని ఆగిపోయిందనుకోండి. డమ్మీలో ఇస్పేట్లు తక్కువని అర్థం. మీ చేతిలో మంచి ఇస్పేట్లుంటే ఆలోచించకుండా తురుపు తిప్పండి.

మరొక సంగతి. టేబుల్‌లో కన్నడవాళ్లుంటే "ఇస్పేటు" అన్నప్పుడు రంగు పేరని ముందే చెప్పండి. వాళ్లకు ఇస్పీటు అంటే పేకాట మొత్తం.

లీడ్ ముక్కను బోర్లా పెట్టడం అలవాటు చేసుకోండి, రూల్ కూడా అదే. పార్ట్‌నర్ ప్రశ్నలేమైనా ఉంటే అడిగాక తిప్పాలి. మనసు మారిందని బోర్లా ముక్కను వెనక్కి తీసుకోకూడదు, అందుకని ఆలోచనంతా ముక్క తీయకముందే అవ్వాలి.

అభ్యాసం. మీ చేయి ఇది: ఇస్పేటు రాజు, 10, 8, 5, 2, ఆటీను ఆసు, 7, 3, డైమన్ 6, కళావరు జాకీ, 9, 8, 4. మూడు బిడ్డింగులకు మూడు లీడ్‌లు రాయండి. మొదటిది: ఒక నోట్రంప్, మూడు నోట్రంప్. రెండోది: ఒక ఆటీను, మూడు, నాలుగు. మూడోది: ఒక డైమన్, ఒక ఇస్పేటు, ఒక నోట్రంప్, మూడు నోట్రంప్. మీవాళ్లు ఎక్కడా నోరు తెరవలేదు. ప్రతి లీడ్ పక్కన కారణం ఒకే వాక్యంలో ఉండాలి. ఆ తర్వాత పేక కలిపి 13 ముక్కలు పంచుకుని ఇదే మూడు బిడ్డింగులతో ఇరవైసార్లు చేయండి, మిగతా చేతులు చూడకుండా. బాబాయిగారు ఇప్పటికే పన్నెండు పూర్తిచేశారు.